ఏది దేన్ని మోస్తోంది? కూల్చివేతలో, మట్టి పనిలో ఆపరేటర్ లెక్క

2024 నవంబరు 19న హైదరాబాద్ గచ్చిబౌలి ప్రాంతంలోని సిద్దిఖ్ నగర్‌లో ఒక ఇల్లు ఉన్నట్టుండి పక్కకి ఒరిగింది. చిన్న జాగాలో, ఇరుకు గల్లీలో, అంతస్తు మీద అంతస్తుగా లేపిన భవనం అది. లోపలున్నవాళ్లు కట్టుబట్టలతో బయటికి పరుగెత్తారు. గోడలోనో స్లాబులోనో ఆ రోజు కొత్తగా పుట్టిన లోపం వల్ల జరిగింది కాదు. పక్క జాగాలో ఇంకో నిర్మాణం కోసం పునాది గుంత తీశారు. ఇన్నాళ్లూ ఈ ఇంటి కింద కదలకుండా కూర్చున్న మట్టికి పక్క ఆసరా పోయింది. మర్నాడు అధికారులు భారీ యంత్రం తెప్పించి ఆ భవనాన్ని కూల్చేశారు.

తవ్వకంతో మొదలైంది కూల్చివేతతో ముగిసింది. చూసేవాళ్లకు ఇవి రెండు వేరు పనులు. బండి క్యాబిన్‌లో కూర్చున్నవాడికి మాత్రం రెండింట్లోనూ ఒకటే లెక్క. ఇప్పుడు ఏది దేన్ని మోస్తోంది? ఈ బకెట్ మట్టి తీసేస్తే, ఈ పిల్లర్ విరగ్గొడితే, ఆ బరువు ఎటు పోతుంది? ఈ లెక్క తప్పినప్పుడల్లా పేపర్లో పడే మాట కూడా ఒకటే: డ్రైవర్ నిర్లక్ష్యం. నిర్లక్ష్యం లేదని కాదు. కానీ ఆ మాటతో సగం సంగతి కప్పబడిపోతుంది.

జేసీబీ తవ్వుతుంటే చుట్టూ జనం చేరడం మన దగ్గర కొత్తేమీ కాదు. 2019లో ఆ చూసే జనం మీదే సోషల్ మీడియాలో జోకులు దేశమంతా తిరిగాయి. అందరూ చూసేది బలాన్ని. బకెట్ పళ్లు గోడలోకి దిగడం, గోడ పెళపెళా విరగడం, దుమ్ము లేవడం. నిజానికి ఈ పనిలో బలానికి ఎప్పుడూ కొదవ ఉండదు, డీజిల్ పోస్తే అదే వస్తుంది. ఎక్కడ ఆగాలో, ముందు దేన్ని ముట్టుకోకూడదో తెలియడమే పని. అది బయటినుంచి చూస్తే కనబడదు, అందుకే దానికి రేటు కూడా ఉండదు.

ముందు పేర్ల సంగతి. ఊళ్లలో ఏ పసుపు బండి కనబడినా జేసీబీయే. చైన్ మీద నడిచేది ఏదైనా ఇటాచీ. కాస్త వయసు మళ్లినవాళ్ల నోట అయితే ప్రొక్లెయిన్. మూడూ కంపెనీల పేర్లే. జేసీబీ అంటే 1945లో ఇంగ్లండ్‌లో ఆ కంపెనీ పెట్టిన జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ పేరులోని పొడి అక్షరాలు. పొక్లెయిన్ ఫ్రెంచి కంపెనీ. హిటాచీ జపాన్‌ది, టాటాలతో కలిసి ఇక్కడ బండ్లు తయారు చేసింది. పేర్లు ఎలా కలగాపులగం అయినా ఫర్వాలేదు కానీ, బండ్లు చేసే పనులు కలగాపులగం అయితేనే ప్రమాదం.

జేసీబీ అని మనం పిలిచే నాలుగు టైర్ల బండి బరువు ఏడున్నర, ఎనిమిది టన్నులు. ముందు వెడల్పు బకెట్, వెనక తవ్వే చెయ్యి, పని చేసేటప్పుడు నేల మీద ఆనించే రెండు జాకీలు. రోడ్డు మీద తనంతట తానే వెళ్తుంది, ఉదయం ఒక వీధిలో డ్రైనేజీ కాలువ తీసి మధ్యాహ్నానికి ఇంకో పేటలో చెత్త ఎత్తుతుంది. అందుకే అది అందరికీ కావాలి. చైన్ బండి సంగతి వేరు. మామూలుగా కనబడేవి 20 టన్నుల తరగతివి. ట్రాలీ మీద ఎక్కించి తేవాలి. ఒక్కచోట నిలబడి గుండ్రంగా తిరుగుతుంది, ఆరు మీటర్ల లోతు దాకా తవ్వుతుంది, చెయ్యి చాపితే తొమ్మిది పది మీటర్లు అందుతుంది.

ఈ అందుబాటు లెక్కలోనే కూల్చివేత మర్మం ఉంది. రెండంతస్తుల ఇల్లు కూల్చడానికి జేసీబీ పిలిచారనుకుందాం. దాని చెయ్యి పై స్లాబు దాకా సరిగ్గా అందదు. అందనప్పుడు ఏం చేస్తుంది? అందినచోట కొడుతుంది. అంటే కింద. కింద గోడ, కింద పిల్లర్ కొడితే పైది దానంతట అదే కూలుతుందన్నది ధీమా. కూలుతుంది, అందులో అనుమానం లేదు. ఎటు కూలుతుందన్నది మాత్రం ఆపరేటర్ చేతిలో ఉండదు. తొమ్మిది మీటర్లే అందే బండి పదిహేను మీటర్ల భవనాన్ని కొట్టాలంటే ఆ భవనం నీడలోనే నిలబడాలి. భవనం ఇటే ఒరిగితే వెనక్కి తప్పుకునేంత వేగం ఏ చైన్ బండికీ ఉండదు, అది మనిషి నడకలా కదులుతుంది.

కూల్చివేత భద్రతకు మన దేశంలో ఒక ప్రమాణం ఉంది, ఐఎస్ 4130. ఇప్పుడు అమల్లో ఉన్నది 1991 నాటి కూర్పు. దాని సారం చాలా మామూలుది: కట్టిన వరసకు తలకిందులుగా విప్పాలి. చివర కట్టింది ముందు పోవాలి. పై నుంచి కిందికి, అంతస్తు తర్వాత అంతస్తు. ఒక అంతస్తులో మళ్లీ ముందు స్లాబు, తర్వాత చిన్న బీములు, తర్వాత పెద్ద బీములు, ఆఖరున పిల్లర్లు. ఇల్లు కట్టించిన ప్రతి మేస్త్రికీ ఈ వరస నిద్రలో అడిగినా తెలుసు. కూల్చేటప్పుడు మాత్రం మేస్త్రిని ఎవరూ పిలవరు. పాత సామాను కొనేవాడిని పిలుస్తారు.

సజ్జలు, బాల్కనీల దగ్గర ఈ వరస ఇంకా తిరకాసుగా ఉంటుంది. బాల్కనీ కింద పిల్లరుండదు. లోపలి స్లాబు బరువు వెనక నుంచి నొక్కి పెడుతుంటే అది గాల్లో నిలుస్తుంది. కాబట్టి గదిలోని స్లాబును ముందు పగలగొడితే బాల్కనీ వీధిలోకి తిరగబడుతుంది. దాన్ని ముందే తీసేయాలి, అదీ కొస నుంచి గోడ వైపుకు. మెట్లు చివరి దాకా ఉంచాలి, పైన రాడ్లు కోసే మనిషి దిగేది వాటి మీదనే. పాత బస్తీల్లో, పాత పట్నాల్లో అయితే పక్కింటితో ఉమ్మడి గోడలుంటాయి. అలాంటి చోట బండి రాకముందే చేత్తో, కట్టర్‌తో రెండు ఇళ్లనూ విడగొట్టాలి. ఒక బీము కొస ఉమ్మడి గోడలో దూరి ఉండగా రెండో కొసను బండితో లాగితే పక్కింటివాళ్ల పూజగది కూడా దాంతోపాటే వస్తుంది.

ఇక శిథిలాల బరువు. ఇది చాలామంది ఊహించని లెక్క, కాబట్టి కాస్త నిదానంగా వేద్దాం. 1200 చదరపు అడుగుల స్లాబు, అయిదు అంగుళాల మందం. అంటే దాదాపు 14 ఘనపు మీటర్ల కాంక్రీటు. ఘనపు మీటరు కాంక్రీటు రెండున్నర టన్నులు తూగుతుంది. మొత్తం 35 టన్నులు. కూల్చడానికి వచ్చిన 20 టన్నుల బండి కంటే అది కూల్చబోయే ఒక్క స్లాబే బరువు. ఇప్పుడు ఆ ముక్కలు కింది స్లాబు మీద పడ్డాయి. ఇంట్లో మనుషులు, సామాను మోయడానికి మన ప్రమాణాల్లో స్లాబుకు పెట్టిన బరువు చదరపు మీటరుకు 200 కిలోలు. పగిలిన కాంక్రీటు కుప్ప మీటరు ఎత్తు లేచిందంటే అదే చదరపు మీటరు మీద సుమారు 1400 కిలోలు పడినట్టు. ఏడు రెట్లు. డిజైన్‌లో కొంత అదనపు బలం ఉంచుతారు నిజమే, కానీ ఏడు రెట్లకు ఎవరూ ఉంచరు. అది కాక పై నుంచి పడే దెబ్బ వేరే. పెద్ద భవనాల మీదికి క్రేన్‌తో చిన్న ఎక్స్‌కవేటర్‌ను ఎక్కించి పై నుంచి కొరుక్కుంటూ దిగే పద్ధతి ఒకటుంది. అక్కడ అసలు పని పగలగొట్టడం కాదు, పగిలినదాన్ని ఎప్పటికప్పుడు కిందికి దింపేయడం. దింపకుండా పోగేస్తూ పోతే ఒక దశలో స్లాబు, దాని మీది కుప్ప, ఆ కుప్ప మీది బండి, అందులోని మనిషి అన్నీ కలిసి దిగిపోతాయి.

పొడుగు చేతి బండ్లు ఇందుకోసమే వచ్చాయి. మామూలు బూమ్ (బండి చేతిలో క్యాబిన్ వైపు ఉండే పొడుగు భాగం) స్థానంలో 20 మీటర్లకు పైగా లేచే బూమ్, కొసన బకెట్‌కు బదులు కాంక్రీటును నమిలే దవడ. 2023 జనవరి 19న సికింద్రాబాద్ మినిస్టర్ రోడ్డులోని డెక్కన్ మాల్ భవనంలో పెద్ద అగ్నిప్రమాదం జరిగాక దాన్ని కూల్చడానికి తెచ్చింది ఈ రకం యంత్రాన్నే. గంటల తరబడి కాలిన భవనం అది. లోపలి ఇనుము 600 డిగ్రీల దాకా వేడెక్కితే దాని బలం సుమారు సగానికి పడిపోతుంది. పైకి ప్లాస్టరింగ్ నల్లబడినట్టు మాత్రమే కనబడుతుంది, లోపల ఏ పిల్లర్ ఎంత మోస్తోందో కాగితం మీది ప్లాన్ చెప్పలేదు. కూల్చివేత సాగుతుండగానే అక్కడ కొన్ని అంతస్తులు ఒక్కసారిగా కుప్పకూలాయి. అలాంటి చోట దూరం ఒక్కటే నమ్మదగ్గది.

మందుగుండుతో పేల్చేస్తే పీడా పోతుంది కదా అని అడిగేవాళ్లుంటారు. 2022 ఆగస్టు 28న నోయిడా జంట భవనాలను 3,700 కిలోల పేలుడు పదార్థంతో క్షణాల్లో నేలమట్టం చేయడం అందరూ టీవీల్లో చూశారు. దాని వెనక నెలల తరబడి జరిగిన పనిని ఎవరూ చూపించలేదు. ఏ పిల్లర్‌కు ఎన్ని రంధ్రాలు, ఏది ముందు ఏది తర్వాత పేలాలి అన్న లెక్కంతా పేలుడుకు ముందే అయిపోవాలి, పేలాక దిద్దుకోవడానికి ఏమీ మిగలదు. 2024 సెప్టెంబరులో సంగారెడ్డి జిల్లా మల్కాపూర్ చెరువులో కట్టిన ఒక భవనాన్ని పేల్చినప్పుడు ముక్కలు దూరం ఎగిరొచ్చి అక్కడ డ్యూటీలో ఉన్న హోంగార్డుకు గాయమైంది. యంత్రంతో పనికి ఉన్న సుగుణం ఇదే. కొట్టి, ఆగి, చూసి, మళ్లీ కొట్టొచ్చు. ఆగనిస్తే.

ఆగనివ్వకపోవడం ఎక్కడ మొదలవుతుందో చూడాలంటే డబ్బు ఎటు నడుస్తుందో చూడాలి. మన నగరాల్లో పాత ఇల్లు కూల్చే పనికి చాలాసార్లు యజమాని డబ్బు ఇవ్వడు, తీసుకుంటాడు. తలుపులు, కిటికీలు, టేకు దూలాలు, షాబాద్ బండలు, అన్నిటికంటే ముఖ్యంగా స్లాబులోని ఇనుము, ఇదంతా కూల్చేవాడిది. దానికి బదులుగా అతను ఇంటివాళ్లకు ఇంత అని చెల్లిస్తాడు, లేదా ఉత్తపుణ్యానికి కూల్చిపెడతాడు. బండిని అతను గంట రేటుకు తెస్తాడు. గంటకు మీటరు తిరుగుతున్నకొద్దీ ఇనుము మీద వచ్చే లాభం కరుగుతుంది. పై నుంచి వరసగా విప్పితే మూడు రోజులు, కింద నాలుగు పిల్లర్లు కొడితే ఒక పూట. ఇంజినీరు లేడు, ప్లాన్ లేదు, కూల్చే వరస రాసిన కాగితం అసలే లేదు. ఇన్ని లేనివాటి మధ్య అందరికంటే తక్కువ డబ్బు తీసుకునే మనిషి అందరికంటే పెద్ద నిర్ణయం చేయాలి. ఏ పిల్లర్ ముందు?

ఆపరేటర్ ఆ పని ఎలా నేర్చుకున్నాడన్నది ఇంకో సంగతి. ఎక్కువమంది హెల్పర్‌గా చేరినవాళ్లే. పొద్దున్నే పిన్నులకు, బుష్షులకు గ్రీజు కొట్టడం, డీజిల్ పట్టడం, ఆపరేటర్ అన్నకు టీ తేవడం. భోజనాల వేళ అన్న చెట్టు కింద పడుకుంటే ఖాళీ జాగాలో లివర్లు పట్టుకుని కదిలించి చూడడం. ఏడాది రెండేళ్లకు ఇంకో ఓనర్ దగ్గర ఆపరేటర్‌గా జీతం, బత్తా. ఇలా నేర్చినవాళ్లలో గొప్ప పనితనం ఉన్నవాళ్లుంటారు. బకెట్ పళ్లతో నేల మీది నీళ్ల సీసాను నలగకుండా ఎత్తి పెట్టేవాళ్లు ఉంటారు. వాళ్లకు చెయ్యి తిరిగింది. కానీ భవనం బరువు ఎలా దిగుతుందో, మట్టి ఎందుకు జారుతుందో చెయ్యి తిరిగితే వచ్చే విద్య కాదు, ఎవరైనా చెప్పాలి.

చేతి అలవాటు కూడా ఒక్కోసారి మోసం చేస్తుంది. చైన్ బండిలో రెండు చేతుల కింద రెండు జాయ్‌స్టిక్‌లు. ఎక్కువ బండ్లలో కుడి చేతిది బూమ్‌ను, బకెట్‌ను ఆడిస్తుంది. ఎడమ చేతిది ఆర్మ్‌ను (బూమ్‌కూ బకెట్‌కూ మధ్య భాగం), బండి తిరగడాన్ని చూస్తుంది. ఇంకో రకం అమరికలో బూమ్, ఆర్మ్ చేతులు మారతాయి. అంటే కుడి చెయ్యి వెనక్కి లాగితే ఒక బండిలో బూమ్ పైకి లేస్తుంది, ఇంకో దానిలో ఆర్మ్ లోపలికి వస్తుంది. ఏళ్ల తరబడి ఒక రకం నడిపినవాడు కొత్త బండి ఎక్కిన మొదటి పూట నిదానంగానే చేస్తాడు, ఎందుకంటే ఆలోచించి చేస్తాడు. టెన్షన్ వచ్చిన క్షణంలో, ఏదో మీద పడబోతున్నప్పుడు, చెయ్యి పాత బండి భాషలో కదులుతుంది. నడక లివర్ల దగ్గరా ఇదే తంటా. ముందుకు తోస్తే ముందుకు పోవడం అనేది చైన్‌ను తిప్పే పళ్లచక్రం వెనక వైపు ఉన్నప్పటి మాట. పైభాగం సగం చుట్టు తిరిగి ఉంటే అదే లివర్‌తో బండి వెనక్కి పోతుంది. గుంత అంచున నిలబడి దూరంగా జరగాలని లివర్ తోసి గుంతలోకే దిగిన బండ్ల కథలు ప్రతి సైట్‌లో ఒకటైనా ఉంటుంది. అందుకే తెలిసినవాళ్లు కదిలే ముందు పళ్లచక్రం ఎటుందో కిందికి వంగి చూస్తారు.

రాయి, కాంక్రీటు పగలగొట్టే బ్రేకర్‌కూ ఇలాంటి మర్యాదలున్నాయి. 20 టన్నుల బండికి తగిలించే బ్రేకర్ టన్నున్నర దాకా ఉంటుంది, దాని ఉలి మనిషి తొడంత లావు. ఉలి రాయికి నిటారుగా ఆనాలి. అర నిమిషం కొట్టినా పగలకపోతే అక్కడే పట్టుదలకు పోకూడదు, చోటు మార్చాలి, లేకపోతే మొన వేడెక్కి మెత్తబడుతుంది. రాయి పగిలిపోయాక కూడా గాల్లో కొట్టనిస్తే ఆ దెబ్బంతా బ్రేకర్ బోల్టుల మీదే పడుతుంది. పగిలిన ముక్కను ఉలితోనే పక్కకు నెడదామనుకుంటే ఉలి విరుగుతుంది. హైదరాబాద్ నేల కింద మట్టి పొర దాటగానే తగిలేది గ్రానైట్ కాబట్టి బ్రేకర్ల చప్పుడు ఈ నగరానికి కోడికూతలా అలవాటైపోయింది. క్యాబిన్‌లోని మనిషి వెన్నుకు ఆ అదురు అలవాటు కాదు, ఏళ్ల తర్వాత నడుము నొప్పిగా బయటపడుతుంది.

నూనె గొట్టాల విషయం మాత్రం తప్పక చెప్పుకోవాలి, ఎందుకంటే ఇది చిన్నగా కనబడి పెద్ద నష్టం చేస్తుంది. ఈ బండ్లలో హైడ్రాలిక్ ఆయిల్ ఒత్తిడి 5,000 పీఎస్ఐ వరకూ వెళ్తుంది. కారు టైరులో ఉండేది 30, 35. హోస్‌లో సూదిమొనంత చిల్లు పడితే ఆయిల్ కంటికి కనబడనంత సన్నగా చిమ్ముతుంది. ఎక్కడ కారుతోందా అని హెల్పర్ అరచేత్తో తడిమి చూస్తాడు. ఆ ధార చర్మం చీల్చి లోపలికి పోతుంది. బయట చిన్న చుక్కలా ఉంటుంది, నొప్పి కూడా పెద్దగా ఉండదు, గంటల్లో చెయ్యి లోపల కుళ్లడం మొదలవుతుంది. వెంటనే ఆపరేషన్ చేయకపోతే వేళ్లో చెయ్యో తీసేయాల్సి రావచ్చు. తడమాల్సింది అట్టముక్కతో.

ఇక మట్టి. కూలే భవనం కనీసం పగుళ్లిస్తుంది, చప్పుడు చేస్తుంది. మట్టి చాలాసార్లు చెప్పకుండా వస్తుంది. ఘనపు మీటరు మట్టి 1.6 నుంచి 1.8 టన్నులు. ఒక చిన్న కారు బరువు దాని కంటే తక్కువే. గుంతలో పునాది రాడ్లు కడుతున్న మనిషి ఛాతీ దాకా మట్టి కప్పేసినా చాలు, తల బయటే ఉన్నా ఊపిరి లోపలికి పోదు. 2025 ఫిబ్రవరిలో ఎల్బీనగర్‌లో సెల్లార్ గుంతలో పని చేస్తుండగా మట్టి విరిగిపడి ముగ్గురు కూలీలు చనిపోయారు. బతుకుదెరువుకు ఖమ్మం జిల్లా నుంచి వచ్చినవాళ్లు.

తవ్వకాలకూ ప్రమాణం ఉంది, ఐఎస్ 3764. లోతు మీటరున్నర దాటితే పక్కలకు ఆసరా కట్టాలి, లేదా వాలుగా కోయాలి. మీటరున్నర అంటే మనిషి తల కూడా దాటదు. నిటారుగా పది పన్నెండు మీటర్లు కోసి వదిలేసిన సెల్లార్ గుంతలు చూసిన కళ్లకు ఈ నిబంధన వేరే గ్రహానిదిలా అనిపిస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన జీవో 168 కూడా సెల్లార్‌కూ స్థలం హద్దుకూ మధ్య ఎడం పెట్టింది. వెయ్యి చదరపు మీటర్ల లోపు జాగా అయితే మీటరున్నర, పెద్దవాటికి రెండు, మూడు మీటర్లు, సెల్లార్ కింద సెల్లార్ వేస్తే ఒక్కోదానికి ఇంకో అర మీటరు. ఎడం ఎందుకంటే పక్కింటి బరువు మట్టిలో నిటారుగా కిందికి దిగదు, పక్కలకు పరుచుకుంటూ దిగుతుంది. ఆ పరుచుకున్న బరువును కోసుకుంటూ తవ్వితే ఏమవుతుందో సిద్దిఖ్ నగర్‌లో చూశాం.

మన గరుసు, మొరం నేలల్లో ఒక మాయ ఉంది. కోసినప్పుడు గోడలా నిలబడతాయి. ఎండాకాలంలో నెలల తరబడి అలాగే నిలబడి ఉంటే, ఇక ఏం కాదన్న నమ్మకం వస్తుంది. మొదటి రెండు వానలకు పై నుంచి నీళ్లు పగుళ్లలోకి దిగి వెనకనుంచి తోస్తాయి. నల్లరేగడి అయితే ఎండకు నెర్రెలు, వానకు ఉబ్బు, దాన్ని నిటారుగా కోయాలన్న ఆలోచనే తప్పు. వానాకాలం ముందు జీహెచ్ఎంసీ సెల్లార్ తవ్వకాలు ఆపమనడం ఊరికే కాదు. అయినా తవ్వకం ఆగినంత మాత్రాన తవ్విన గుంత పూడదు కదా.

ఇందులో ఆపరేటర్ చేయగలిగింది కొంత ఉంది. తవ్విన మట్టిని గుంత అంచునే పోయకపోవడం ఒకటి. చాలామంది అక్కడే పోస్తారు, బకెట్ తక్కువ తిరుగుతుంది, టైం కలిసొస్తుంది. అదే మట్టి అంచును నొక్కి కిందికి తోస్తుంది. బండిని అంచుకు అడ్డంగా కాక నిలువుగా నిలబెట్టుకోవడం, చైన్ పళ్లచక్రాలు వెనక ఉండేలా చూసుకోవడం ఇంకొకటి, జారితే వెనక్కి రావడానికి దారి ఉంటుంది. టిప్పర్ రివర్స్‌లో వచ్చే చోట అంచుకు ముందు ఒక దిమ్మె మట్టి కట్ట వేయించడం. ఇవేవీ ఖర్చుతో కూడినవి కావు.

మంచి ఆపరేటర్‌కూ మామూలు ఆపరేటర్‌కూ తేడా డబ్బులో ఎంతో తెలియాలంటే టిప్పర్ నింపడం చూడాలి. పది టైర్ల టిప్పర్‌కు 12, 13 బకెట్ల వదులు మట్టి పడుతుంది. బండిని కాస్త ఎత్తు దిమ్మె మీద నిలబెట్టి, టిప్పర్‌ను కింద, పక్కగా దగ్గరికి రప్పించుకుంటే ఒక్కో బకెట్‌కు 18 సెకన్లు చాలు, నాలుగు నిమిషాల్లో లోడ్ అయిపోతుంది. టిప్పర్‌ను వెనక నిలబెట్టి ప్రతి బకెట్‌కూ సగం చుట్టు తిరిగితే ఆరు నిమిషాలు దాటుతుంది. రోజుకు అరవై ట్రిప్పులు అనుకుంటే రెండు గంటల డీజిల్ తేడా. తెలియని ఓనర్ ఇంజిన్ గట్టిగా అరిస్తేనే పని జరుగుతోందనుకుంటాడు. తవ్విన మట్టి ఉబ్బుతుందన్న సంగతి మరిచిపోయి ట్రిప్పుల లెక్క దగ్గర గొడవపడేదీ ఇక్కడే. నేలలో వంద ఘనపు మీటర్లున్న మట్టి టిప్పర్లోకి ఎక్కేసరికి నూట ఇరవై అయిదవుతుంది, రాయి అయితే నూట యాభై దాకా. ట్రిప్పులు ఎక్కువ రాశారని సూపర్‌వైజర్ మీద అరిచే ముందు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

పైన కరెంటు తీగలు. గల్లీల్లో 11 కేవీ లైను బాల్కనీకి చెయ్యి చాపితే అందేంత దగ్గరలో పోతుంది. బూమ్ కొస ఎక్కడుందో క్యాబిన్ నుంచి అంచనా కట్టడం కష్టం, అందులోనూ ఎండ కళ్లలో పడుతున్నప్పుడు. కనీసం మూడు మీటర్ల ఎడం, దాన్ని చూస్తూ ఈల వేసే మనిషి కావాలి. టిప్పర్ల ముప్పు ఇంకా ఎక్కువ, బాడీ పైకి లేపి మట్టి పోసి, దించడం మరిచి ముందుకు కదులుతారు. తీగ తగిలిందంటే క్యాబిన్‌లోనే కూర్చోవాలి. మంటలు లేచి తప్పనిసరైతే రెండు కాళ్లూ దగ్గరగా పెట్టి బయటికి దూకాలి, ఒక కాలు బండి మీద, ఒక కాలు నేల మీద పెట్టి మామూలుగా దిగితే కరెంటు ఆ మనిషి గుండానే నేలకు పోతుంది.

ఈ బండ్లు రాకముందు మట్టి పని తెలుగు నేలలో ఎవరిదో గుర్తు చేసుకోవాలి. వడ్డెరలు తరతరాలుగా రాయి కొట్టారు, బావులు తవ్వారు, చెరువు కట్టలు పోశారు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా డ్యాముల దగ్గర, కాలువల దగ్గర పేరు. పార, గునపం, తట్ట. తట్టలు మోసే జట్టులో కట్ట ఎక్కడ కుంగుతోందో ముందు కాలికి తెలుస్తుంది, మట్టి తడి అరికాలికి తెలుస్తుంది. ఇప్పుడు ఒక చైన్ బండి రోజంతా వందలమంది పని చేస్తుంది. కూలి పోయిందన్న బాధ ఒకటైతే, మట్టిని ఒంటితో చదివే మనుషులు సైట్ నుంచి తప్పుకున్నారన్నది ఎవరూ లెక్కలోకి తీసుకోని నష్టం. ఏసీ క్యాబిన్‌లో అద్దం వెనక కూర్చున్నవాడికి నేల మెత్తబడిన సంగతి బండి వంగాకే తెలుస్తుంది.

ఆ కుటుంబాల పిల్లలే కొందరు ఇవాళ ఆపరేటర్లు. కరీంనగర్, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లి డోజర్లు, ముందు పెద్ద బకెట్ ఉండే షావల్ బండ్లు నడిపేవాళ్లున్నారు. పెద్ద కంపెనీల సైట్లలో అక్కడ బండి ఎక్కాలంటే లైసెన్సు కాక విడిగా సర్టిఫికెట్ చూపాలి. పొద్దున బండి చుట్టూ తిరిగి చెక్ చేసి కాగితం మీద సంతకం పెట్టాలి. పక్కన సిగ్నల్ ఇచ్చే మనిషి లేకపోతే పని మొదలుపెట్టనవసరం లేదు. అదే మనిషి సెలవుకు ఊరొచ్చి తమ్ముడి బండి మీద ఒక పూట కూర్చుంటే, హెల్మెట్ అడిగితే నవ్వుతారు. మనిషి మారలేదు, చేతులు మారలేదు. వద్దు అనగలిగే హక్కు అక్కడ కాగితం మీద ఉంది, ఇక్కడ లేదు. నిర్లక్ష్యం అన్న మాట వాడే ముందు ఈ తేడా చూడాలి.

ఆఖరుకు శిథిలాలు ఎక్కడికి పోతున్నాయన్న ప్రశ్న. 2016 నాటి కేంద్ర నిబంధనలు రోజుకు 20 టన్నులు, లేదా ఒక ప్రాజెక్టులో నెలకు 300 టన్నులు దాటితే పారేసే ముందే ప్రణాళిక ఇవ్వాలన్నాయి. పైన వేసిన లెక్క ప్రకారం ఒక్క స్లాబు 35 టన్నులు కాబట్టి దాదాపు ఏ ఇంటి కూల్చివేతైనా ఆ నిబంధనల్లోకి వచ్చేది. హైదరాబాద్‌లో జీడిమెట్లలో, ఫతుల్లాగూడలో ఈ శిథిలాలను నలిపి ఇసుకగా, కంకరగా, టైల్స్‌గా మార్చే ప్లాంట్లు ఉన్నాయి. అక్కడికి తోలాలంటే దూరం, డీజిల్, ఫీజు. రాత్రి పదకొండు దాటాక దగ్గర్లోని చెరువు శిఖం (నీళ్లు నిలిచే నేల) దాకా అయితే కొద్ది దూరమే. పాత ఇళ్ల ముక్కలు, సెల్లార్ల మట్టి అలా నీళ్లలోకి జారి, ఎండాకాలానికి చదునైన నేలగా తేలతాయి. కింద బురద, పైన వదులుగా పోసిన పూడ్పు, అది దేన్నీ సరిగ్గా మోయలేదు. అయినా దాని మీద హద్దు రాళ్లు వెలుస్తాయి, తర్వాత పిల్లర్లు లేస్తాయి. కొన్నేళ్లకు నోటీసు అంటించాక అదే గోడల దగ్గరికి మళ్లీ చైన్ బండి వస్తుంది, ఈసారి బకెట్ తీసేసి బ్రేకర్ తగిలించుకుని.